బాపు దులిపిన రుమాలు

నిన్న చాయ్‌ల వేస్తుంటే చెయ్యి జారి చక్కెర గట్టు మీద పడ్డది. కిటికీల నుంచి వచ్చే ఎండకు పలుకులు మెరిసేసరికి బాపు రుమాలు యాదికొచ్చింది.

బాపు బోధన్‌ల చక్కెర మిల్లుల బస్తాలు కుట్టేటోడు. డ్యూటీ దిగినోళ్లు కొందరు రుమాలు కొసకు ఇంత చక్కెర ముడేసుకొని ఇంటికి తెచ్చేటోళ్లు. మా ఇంట్ల మాత్రం ఎప్పుడూ బెల్లం చాయే. గేటుకాడి చౌకీదారుకు బాపు భయపడుతడని నేను అనుకునేదాన్ని.

క్రిస్మస్ ముందటి రోజు బాపు కోసం గేటుకాడికి పోయిన. ఆ చౌకీదారే బాపును ఆపి, "సామేలన్నా, రేపు పండుగ గద. మళ్ల లోపలికి పోయి పిల్లకు ఇంత కట్టుకరా. నేను సూడలే అనుకో" అన్నడు.

నాకు నోట్ల నీళ్లూరినయి.

"వద్దు భాయ్, ఇంట్ల బెల్లమున్నది" అన్నడు బాపు.

ఎనక ఉన్నోళ్లు నవ్విండ్రు. "ఏందే, మీ యేసు చక్కెర తిననియ్యడా?"

బాపు తలకు చుట్టిన రుమాలు విప్పి, రెండు చేతుల పట్టి గట్టిగ దులిపిండు. పొద్దంత దాని మీద పడ్డ చక్కెర పొడి సాయంత్రపు ఎండల బంగారు పొగ లెక్క లేచి, మెల్లగ మట్టిల కలిసింది. నవ్వులు ఆగిపోయినయి. చౌకీదారు తల దించుకున్నడు. దేవదూతలు దిగేటప్పుడు గిట్లనే ఉంటదేమోనని నేను నోరు తెరిచి సూస్తనే ఉన్న.

ఇంటికి నడుస్తుంటే, బాపు నా చెయ్యి గట్టిగ పట్టుకొని, నా మొకం దిక్కు సూడకుండ నడిచిండు. వాళ్ల మీద కోపమేమో అనుకున్న.

నాకు పిల్లలు పుట్టినంక గని తెలువలే, గా చక్కెర నాకు తేవాలని బాపుకు ఎంత ఉండెనో.