గుర్రంబిళ్ళ మీద పంటిగాట్లు

తొంభైల చివర్లో రాజమండ్రిలో పాత నాణేల, పతకాల ప్రదర్శన ఒకటి జరిగింది. దానికి వేసిన సావనీరులో ఒక పేజీ నాది. "గోదావరి సరంగు: ఒక అపురూపమైన జత" అని పేరు పెట్టాను. అందులో ఆ జత పతకాలు వచ్చిన మనిషి సైన్యంలో నంబరు నిజం, పనిచేసిన దళం నిజం, చనిపోయిన చోటు నిజం. ఆయన పడవకి పెద్దైన సరంగు కాదు, చుక్కాని పట్టేవాడు. చుక్కాని పట్టేవాడి గురించి ఎవడు చదువుతాడని హోదా నేనే పెంచాను. చివరి వాక్యం ఇంకా నీచమైనది: "ఈ పతకాన్ని ఆ కుటుంబం సంతోషంగా నా చేతికి అప్పగించింది." ఎవరూ అప్పగించలేదు. నేను దొంగిలించాను. ఆ సావనీరు ఇంకా కొందరి బీరువాల్లో ఉంది కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు.

అప్పట్లో నేను జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. మాది రామచంద్రపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా వంశంలో సైన్యానికి వెళ్ళినవాడు లేడు. మా తాత ఒకసారి కాలవ నీటి తగువులో కర్ర పట్టుకున్నాడని చెప్పుకుంటారు. అదీ అవతలివాడు ఇంటికి వెళ్ళిపోయాక. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు ఇతరుల శౌర్యం మీద మోజు కలిగింది.

నాలాంటివాళ్ళు మరో నలుగురు ఉండేవారు. నెలకో ఆదివారం ఒక హోటల్ మేడ మీద కలిసి, పెసరట్టు తింటూ యుద్ధాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. మాలో పెద్ద నిడదవోలు వైపు రైసుమిల్లు ఉన్న ఆయన. అన్నవరం కొండ మీద కోతి ఎదురైతే ప్రసాదం పొట్లం భార్య చేతిలో పెట్టి తాను కారెక్కేసే మనిషి. ఎవడు ఎక్కడ వెనుదిరిగాడో, ఎవడు పిరికివాడో మాత్రం వేలు చూపించి చెప్పేవాడు. మేం తలలు ఊపేవాళ్ళం.

మా విద్యంతా పతకం అంచులో ఉంది. పాత పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. భూతద్దం పెట్టి అది చదివి, పై దేశాల దస్తావేజుల ఆఫీసులకు ఉత్తరాలు రాసి, ఆ మనిషి కథ తెప్పించుకోవడమే మా పని. చనిపోయినవాడి పతకానికి విలువ ఎక్కువ. అందుకని మేడ మీద మా మాటలు ఇలా ఉండేవి:

"మనిషి ఎలాంటివాడండి?"

"ఏం లాభం లెండి, బతికి వచ్చేశాడు."

వంటవాళ్ళన్నా, కంచరగాడిదలు తోలినవాళ్ళన్నా, పడవలు నడిపినవాళ్ళన్నా మాకు నవ్వులాట. వాళ్ళకీ పతకాలు ఇచ్చారా అని ఆశ్చర్యపోయేవాళ్ళం. తూటా చప్పుడు కూడా వినని మేము.

నిడదవోలులో పాత ఇత్తడి కొనే కొట్టులో, సొట్టల చెంబుల మధ్య నాకు ఒక పతకం దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, మీద రెక్కల స్త్రీ బొమ్మ. ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో చాలామందికి రెండు వచ్చేవి. ఇత్తడి రంగులో రెక్కల స్త్రీది ఒకటి, గుర్రం మీద మనిషి ఉన్న వెండిది ఒకటి. ఒకే మనిషివి రెండూ ఉంటే జత అంటాం. విడిపోతే ఒక్కోదానికీ పెద్ద విలువ ఉండదు. నాది విడిపోయినది. అంచు మీద ఉన్నది నదిలో పడవలు నడిపే దళం. పేరు మన గోదావరి వాళ్ళ పేరు.

ఉత్తరం రాసిన ఏడు నెలలకు ఒక కాగితం వచ్చింది. తండ్రి పేరు, ఊరు ఉన్నాయి. ఇరాక్‌లో బస్రా దగ్గర నది మీద, పడవలోనే జ్వరంతో పోయాడట. నేను వంటింట్లోకి వెళ్ళి పాయసం చెయ్యమన్నాను.

"ఏంటండీ విశేషం?" అంది మా ఆవిడ.

"నా మనిషి పోయాడే!"

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"ఎనభై ఏళ్ళ కిందట."

ఆవిడ నన్ను ఒక చూపు చూసి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆ చూపు అప్పుడే అర్థమై ఉంటే బాగుండేది.

ఆ ఊరు నరసాపురం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే వైపు ఉన్న జాలర్ల పేట. బస్సు దిగి, రేవు దాటి, ఉప్పు గాలిలో మైలున్నర నడిచాను. పేరు చెప్పగానే ఒక ఇల్లు చూపించారు. అరుగు మీద ఎనభై దాటిన ఆవిడ ఎండు చేపలు ఏరుతోంది. పక్కన మనవరాలి మూడేళ్ళ కూతురు, జ్వరంతో చాప మీద పడుకుని ఉంది. ఆ పిల్ల మెడలో నల్లతాడుకి వేలాడుతోంది నా వెండి పతకం.

"నా" అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడూ అలాగే అనుకున్నాను.

"మీ నాన్నదా మామ్మా అది?"

"ఆయ్, మా అయ్యదేనండి. నేను మా అమ్మ కడుపులో ఉండగా ఎల్లేడంట. మనిషి రాలేదు గానండి, ఇయ్యి రెండూ పోస్టులో వొచ్చేయి. రెక్కల దాన్ని మా కోడలు చెంబుకేసేసింది, దాని చేతులిరగ! ఈ గుర్రంబిళ్ళ మట్టుకు నేనివ్వలేదండి."

"పిల్లకెందుకు కట్టారు?"

"జడుసుకుందండి. జడుపు జ్వరం. పేటలో ఏ పిల్ల జడుసుకున్నా ఇది అట్టుకెళ్ళి కట్టుకుంటారండి, తగ్గేక తెచ్చిచ్చేత్తారు. గుర్రం వైపు గుండెకి ఆనాలండి. మా అయ్య అంత దూరం జడుసుకోకుండా ఎల్లేడు కదండీ మరి."

నేను చదువుకున్నవాణ్ణి కదా, నవ్వాను. "ఆయనకి భయం వెయ్యలేదని నీకెవరు చెప్పారు?"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "వెయ్యకుండా ఎలా ఉంటదండీ? వేసినా ఎల్లేడు కదండి. అదీ."

పిల్ల మెడలోంచి తాడు తీసి నాకు చూపించింది. పైనున్న పట్టీ తీసేసి కంసాలి చేత కొక్కెం అతికించారు. అంచు మీద అక్షరాలు చింతపండుకీ చేతులకీ అరిగిపోయి కష్టంగా కనిపిస్తున్నాయి. అంచు పొడుగునా సన్నటి గాట్లు.

"ఇయ్యన్నీ పిల్లల పళ్ళండి. తాడు నోట్లో పెట్టుకుంటారు కదా. ఇది మా పెద్దోడిది. ఇది దీని అమ్మది. ఈ మొదటిది ఉంది చూడండి, నాదే. పోస్టులో వొచ్చిన రోజున బెల్లపచ్చనుకుని కొరికేనంట. మా అమ్మ ఏడుస్తా ఏడుస్తా నవ్విందంటండి."

భూతద్దంలో నేను చూసిందల్లా: అంచు పాడైంది, విలువ తగ్గింది, అయినా జత పూర్తవుతుంది.

కాలేజీలో పిల్లలకి చూపిస్తానని, పది రోజుల్లో తెచ్చిస్తానని అడిగాను. పిల్లకి జ్వరం తగ్గాక తీసుకెళ్ళమంది. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను. కాగితం అడగలేదు, సంతకం అడగలేదు. "చదువు చెప్పే మేష్టారు కదండీ" అంది.

నా పెట్టెలో అలాంటి గుర్రం పతకాలే ఇంకో మూడు ఉన్నాయి. మా భాషలో డూప్లికేట్లు. ఒక్కోదాని మీదా ఒక్కో మనిషి పేరు ఉన్నా సరే, డూప్లికేట్లే. బాగా అరిగినది ఒకటి తీసి, కంసాలి దగ్గర కొక్కెం అతికించాను. నల్లతాడు ఎక్కించాను. పసుపూ నూనే రాసి మసక చేశాను. తర్వాత మా ఇంటి అరుగు మీద కూర్చుని, అసలుదాన్ని పక్కన పెట్టుకుని, చిన్న పట్టకారుతో అంచు మీద పంటిగాట్లు పెట్టాను. ఒక పూటంతా పట్టింది. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి నిదానంగా తడిమింది. నా మొహంలోకి చూసింది.

"బోంచేసి ఎల్లండి మేష్టారూ," అంది.

తిన్నాను. బొమ్మిడాయిల పులుసు. రెండోసారి వడ్డించబోతే వద్దనలేదు. ఆదివారం మేడ మీద ఈ కథంతా పట్టకారుతో సహా చెప్పాను. రైసుమిల్లు ఆయన నా వీపు తట్టి, "మీరు నిజమైన కలెక్టరండీ!" అన్నాడు. పొంగిపోయాను.

ప్రదర్శనలో ఆ జతని గాజు పెట్టెలో, ఎర్ర మఖమలు మీద పెట్టారు. తర్వాత ఏడాదికే దాన్ని రైసుమిల్లు ఆయనకి ఇచ్చి, ఒక కెప్టెన్ పతకాల వరస తీసుకున్నాను. పడవవాడి కంటే కెప్టెన్ గొప్ప కదా. ఆ వరసలో రెండు పతకాలు వేరేవాళ్ళవని, ఆయనే కలిపి కుట్టించాడని తర్వాత తెలిసింది. నాకు తగిన బేరం.

ఇవన్నీ జరిగి అయిదేళ్ళు దాటాక ఒక మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర చేపల గంప దించుకుని ఒకావిడ నన్ను పిలిపించింది.

"మామ్మ రమ్మంటందండి. తమరి వస్తువొకటి ఆళ్ళింట్లో ఉండిపోయిందంటండి."

ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. అయినా వెళ్ళకుండా రెండు వారాలు గడిపాను. ఏదో ఒకటి చెప్పడానికి సాకులు తయారుచేసుకుంటూ.

ఆవిడ మంచం మీద ఉంది. మనిషి సగమైంది. తలగడ కింద నుంచి చిన్న గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే నేను చేసిన గుర్రంబిళ్ళ.

"ఏ పిల్లకీ కట్టలేదండి ఇది."

"నీకు తెలుసా మామ్మా?"

"నా పన్ను నాకు తెలవదాండి?"

"మరి ఆ రోజే అడగలేదేం?"

"అరుగెక్కిన మనిషిని దొంగా అనమంటారా? తమరే తెత్తారని చూసేను. ఏడాదికేడాది చూసేను." ఊపిరి తీసుకుంది. "పోనీలెండి. ఇప్పుడు తెచ్చిచ్చెయ్యండి. ఇంక ఎన్నాళ్ళో ఉండను. నాకూ బయ్యంగానే ఉందండి, మేష్టారూ. మెళ్ళో కట్టించుకుని పోతాను."

అక్కణ్ణుంచి తిన్నగా నిడదవోలు వెళ్ళాను. రైసుమిల్లు ఆయన ఊక ధూళి మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జత పై దేశం వేలానికి పంపేశానన్నాడు. ఎవరు కొన్నారో ఆ వేలం వాళ్ళు చెప్పరట. నేను బతిమాలాను. ముసలావిడ మాట చెప్పాను. ఆయన నవ్వాడు.

"దానికోసం ఇంతా? మీ దగ్గర ఇంకోటి ఉంటే కట్టెయ్యండీ. పళ్ళు లేని ముసల్ది, దానికేం తెలుస్తుంది?"

ఆయన్ని అసహ్యించుకోవాలని చూశాను. కుదరలేదు. ఆ మాట ఆయన కంటే ముందు నేను అనుకున్నది. ఆయన నోటితో అన్నాడు, నేను పట్టకారుతో అన్నాను. అంతే తేడా.

మర్నాడు పేటకి వెళ్ళి, మంచం పక్కన పీట మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. ఎలా మార్చానో, ఎవరికి ఇచ్చానో, అది సముద్రం దాటిపోయిందనీ. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ అంది:

"అయితే మా అయ్య మళ్ళీ ఓడెక్కేసేడన్నమాట."

మంచానికి అవతల నిలబడ్డ మనవరాలు నా మీదకి వచ్చింది. "ఈ మనిషికి కూడెట్టేవు మామ్మా! రెండోసారి వడ్డిత్తే సిగ్గులేకుండా తిన్నాడు!" అంది. మామ్మ చెయ్యెత్తి ఆపింది.

"తమరు మార్చి తెచ్చిన బిళ్ళ ఎవరిదండి?"

"ఎవరో సైనికుడిది."

"పేరుండదాండి?"

జేబులోంచి ఆ బిళ్ళా, భూతద్దమూ తీసి చదివాను. ఆ పేరు పైకి చదవడం అదే మొదటిసారి. డూప్లికేట్ల పేర్లు మేం చదివేవాళ్ళం కాదు.

"పోనీ ఇదైనా కట్టుకోండి మామ్మగారూ," అన్నాను. నా నోటికి గారు అప్పుడు వచ్చింది.

"ఈయన నాకేమవుతాడండి? ఆళ్ళ పిల్లలు జడుసుకుంటా ఉంటే, ఇది నేను కట్టుకుని పోనా?" కళ్ళు మూసుకుంది. "ఆళ్ళనెతికి ఇచ్చెయ్యండి. అదైనా చెయ్యండి."

ఆ నెలలోనే పోయింది. గంప ఆవిడ వచ్చి చెప్పింది. ఆఖరి రెండు రోజులూ చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోయేదట. అక్కడ ఏమీ లేదు. ఈ మాట ఆవిడ గేటు బయటే నిలబడి చెప్పి, నేను కూర్చోమంటే కూర్చోకుండా వెళ్ళిపోయింది.

ఆ మేడ మీదకి నేను మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళూ పిలవలేదు. పెట్టెలో ఉన్నవాటికి అంచుల మీద పేర్లు చూసుకుని, దొరికినవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కటీ తిరిగి ఇస్తున్నాను. కొందరు లోపలికి రమ్మంటారు, కొందరు వెండి ఎంత ఉంటుందని అడుగుతారు. అది వాళ్ళ ఇష్టం, అడిగే హక్కు వాళ్ళది. చిత్రమేమిటంటే, మామ్మ నా చేతిలో పెట్టిన బిళ్ళ తాలూకు మనిషి జాడే ఇంతవరకు దొరకలేదు. రోడ్లు వేసే దళంలో పనిచేశాడు, బతికి వచ్చాడు. అందువల్ల ఆయన గురించి రాసి పెట్టినవాళ్ళు లేరు. ఒకప్పుడు మేం ఏం లాభం అన్నది ఇలాంటివాళ్ళనే. గోదావరికి రెండు వైపులా ఆ పేరువాళ్ళు ఉన్న ఊళ్ళలో అడుగుతూనే ఉన్నాను.

దొరుకుతారు. దొరికిన రోజున ఆ ఇంట్లో ఎవరో ఒకరు బిళ్ళని వేళ్ళతో తడిమి, ఈ గాట్లేంటండి, మా తాతగారి పిల్లల పళ్ళవా అని అడుగుతారు. కావండి, నా పట్టకారువి అని చెప్పాలి.