గేటు దగ్గరి రంగులు

నరసరావుపేట రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో హయాత్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏ రైతు సరుకు ఏ గదిలోకి పోవాలో చూసే సాఫ్ట్‌వేరు అతను పాలిటెక్నిక్ నుంచి వచ్చిన కొత్తలో రాసిందే. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. అందానికి నోచుకోలేదు గానీ ఏనాడూ మాట తప్పలేదు. కొత్త కంప్యూటర్లు మాత్రం దాన్ని ఎరగమన్నాయి. దాంతో హయాత్ నలభై ఆరో ఏట తెరలు తయారుచేసే రంగురంగుల టూల్‌కిట్ ముందు ఒకటో తరగతి పిల్లాడిలా కూర్చున్నాడు.

కొత్త సాఫ్ట్‌వేరు అంతా రాసేముందు నమూనా తెర ఒకటి చూపించమన్నారు మేనేజరు రామచంద్రమూర్తి గారు. పరీక్ష మాత్రం సర్దార్‌బీకి. బస్తాలో చెయ్యి పెట్టి కాయ ఎండిందో లేదో చెప్పే గేటు మనిషి ఆమె; హయాత్‌కు 'ఆపా', అంటే అక్కలాంటిది. చదువు అంకెల దాకానే. ఇకపై తేమ సంగతి మీటరు చూసుకుంటుంది, తెర చూపిస్తుంది, ఆమె నొక్కాలి. నొక్కలేకపోతే ఆ కుర్చీలోకి డిగ్రీవాళ్లు వస్తారు. ఈ మాట మూర్తిగారు చాలా మర్యాదగా చెప్పారు. మర్యాదగా చెప్పిన మాటకు అప్పీలు ఉండదు.

హయాత్ ముందు అట్టముక్క మీద పెన్సిలుతో గీశాడు. సర్దార్‌బీ అట్టనే నొక్కి చూసింది.

"ఇది నొక్కితే ఏసీలోకి, ఇది నొక్కితే తిరిగి కళ్లానికి. ఇంతేగా హయాతూ? దీనికేనా నెల్రోజుల్నుంచి నిద్రమాని కూర్చున్నావు?"

"ఇంతే ఆపా."

మంగళవారం టాబ్లెట్లో అసలు నమూనా పెట్టారు. గడిలో బస్తా నంబరు, చుట్టూ రంగు. మూర్తిగారు పది ఉత్తుత్తి బస్తాలు ఎక్కించారు. ఆమె తడుముకోకుండా పదీ నొక్కింది.

పదికి పది తప్పు.

"చూశావుగా," అన్నారు మూర్తిగారు, కళ్లజోడు తీస్తూ.

కానీ హయాత్ లెక్కల మనిషి. ఏమీ తెలియనివాళ్లకు గుడ్డిగా నొక్కినా నాలుగైదు కుదురుతాయి. పదీ తప్పాయంటే ఈవిడకి ఏదో గట్టిగా తెలుసు.

"ఆపా, ఎర్రవి లోపలికెందుకు పంపావు?"

"ఎర్రటి కాయ మేలు సరుకు గాకపోతే ఏంటయ్యా?"

"మరి పచ్చవి?"

"పచ్చగా ఉందంటే పచ్చి! పచ్చికాయ ఏసీలో ఏస్తే గదంతా బూజు పట్టుద్ది. పదేళ్ల పిల్లనడుగు."

తేమ ఎక్కువైతే ఎరుపు, బాగుంటే పచ్చ. అది టూల్‌కిట్‌తో వచ్చిన ఆచారం. హయాత్ దాన్ని వేదవాక్కులా ముట్టుకోకుండా వదిలేశాడు. మిర్చి మధ్యే పుట్టి పెరిగినవాడు తను. తప్పు తనదేనని అతనికి నిజంగా సిగ్గేసింది.

"ప్రపంచమంతా ఎరుపంటే ప్రమాదమేనయ్యా," అన్నారు మూర్తిగారు.

"ప్రపంచం కళ్లంలో కాయలు ఆరబోయదు కదండీ."

అరగంటలో రంగులు తారుమారు చేశాడు. సర్దార్‌బీ ఈసారి పదీ సరిగ్గా నొక్కింది. నమ్మకం కుదరక మూర్తిగారు టాబ్లెట్ తానే అందుకున్నారు. మొదటి గడి పచ్చగా వచ్చింది. ఆయన వేలు దర్జాగా 'లోపలికి' వైపు వెళ్లింది.

"అయ్యగారూ, ఆగండాగండి! పచ్చిసరుకండీ అది!" అని సర్దార్‌బీ ఆయన చేతికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

మూర్తిగారు వేలు వెనక్కి తీసుకున్నారు. తర్వాత టాబ్లెట్ ఆమె ఒళ్లో పెట్టి, "సోమవారం నుంచి దీనిమీదే చెయ్యమ్మా," అని ఆఫీసులోకి వెళ్లిపోయారు.