తేటనీళ్లు

కాగితం మిల్లులో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బాయిలరు బూడిదను యాసిడ్ నీళ్లతో కడిగే తొట్టి దగ్గర పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది కాబట్టి అందరికీ బూడిదక్కే. ఆ బూడిదలో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. యాసిడ్ దాన్ని నీళ్లలోకి లాగేశాకే మిగిలిన బూడిద లారీలెక్కి పొలాలకు ఎరువుగా పోవాలి.

కొత్త మేనేజరు వచ్చీరాగానే యాసిడ్ సగానికి సగం తగ్గించాడు. వారం తిరక్కుండానే ల్యాబు రిపోర్టు పట్టుకుని తొట్టి దగ్గరికొచ్చాడు.

"చూశారా అక్కా, కడిగిన నీళ్లలో కాడ్మియం లేనే లేదు. బూడిద శుభ్రమైపోయినట్టే. లారీ చీటీ మీద సంతకం పెట్టేయండి."

బూడిదక్క చీటీ ముట్టుకోలేదు.

"మా అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది సార్. నేను ఉతికినప్పుడు మొదటి నీళ్లే తేటగా వచ్చాయంటే నా వీపు విమానం మోత మోగేది. మురికి వదల్లేదని దానర్థం. మీ విషం కూడా ఎక్కడికీ పోలేదు. బూడిదలోనే కాళ్లు బారజాపుకుని కూర్చుంది."

"అంటే ల్యాబువాళ్లు అబద్ధం రాశారా?"

"నీళ్ల గురించి అడిగారు, నీళ్ల గురించే రాశారు. బూడిద సంగతి వాళ్లనెవరడిగారు?"

మేనేజరు ముఖం గంటు పెట్టుకున్నాడు. "మీరు సంతకం పెట్టకపోతే, పెట్టేవాళ్లనే ఇక్కడికి తెచ్చుకుంటాను."

"తెచ్చుకోండి. వాళ్లొచ్చేదాకా తొట్టి నాది."

ఆమె యాసిడ్ కుళాయిని మునుపటి గుర్తు దాకా తిప్పింది.

"ఉతకని దుప్పటి మడతపెట్టి రోగికి కప్పడం మా అమ్మ నాకు నేర్పలేదు సార్."