మజ్జిగ గ్లాసు అడుగున

మా అమ్మ నా కొడుకుని పేరు పెట్టి పిలిచేది కాదు. వాడికి మా నాన్న పేరు పెట్టాం. మొగుడి పేరు నోటితో పలకని తరం ఆమెది. ఏ ఆఫీసులోనైనా ఆయన పేరు అడిగితే నావైపు చూసేది, నేనే చెప్పాలి. మనవడికీ అదే పేరు పెట్టేసరికి పాపం ఇరకాటంలో పడి, వాణ్ణి ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచే "ఏవండోయ్" అనడం మొదలుపెట్టింది. "ఏవండోయ్, పాలు తాగారా? ఏవండోయ్, పక్క తడిపారా?" ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం. వాడు కూడా ఆ పిలుపుకే పలికేవాడు.

నాన్న వాడు పుట్టకముందే పోయారు. రేపల్లెలో వ్యవసాయం. ధాన్యం బస్తా ఒక్కరే ఎత్తి ట్రాక్టర్లో వేసే మనిషి. కిడ్నీలు చెడి, చివరి ఏడాది ఒంటికి నీరు పట్టింది. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఒక్కసారే నొక్కాను, ఇప్పటికీ నా వేలికి ఆ గుంట గుర్తుంది. మొహం మాత్రం నిండుగా, నున్నగా, ఆరోగ్యంగా ఉన్నవాడి మొహంలా కనిపించేది. గోడమీద దండ వేసి ఉన్న ఫొటో అప్పటిదే. ఆ ఫొటో నాకు నచ్చదు. వేరేది పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆయన పోయాక తెనాలిలో మా ఇంటికి వచ్చేసినప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది.

మావాడు ఇంటర్లో చేరాక జిమ్ముకి వెళ్ళడం మొదలుపెట్టాడు. బాపట్లలో జరిగే పవర్ లిఫ్టింగ్ పోటీల్లో బరువులెత్తాలని వాడి కోరిక. ఫోను పట్టుకుని మంచం మీద పడి ఉండేకన్నా నయం కదా అని సంతోషించాను. కొన్నాళ్ళకి ఒళ్ళు వచ్చింది. చొక్కాలు బిగుతయ్యాయి. ఇంకొన్నాళ్ళకి బుగ్గలు నిండాయి, కళ్ళ కింద కాస్త ఉబ్బు వచ్చింది. ఒకరోజు అన్నం తింటూ వాడే అన్నాడు, "అమ్మా, అమ్మమ్మ నన్ను చూసి కుర్చీలోంచి లేస్తోందే. కొంగు కూడా సర్దుకుంటోంది" అని. నవ్వేశాను. ఆ తర్వాత గమనించాను. నిజమే. "ఏవండోయ్" అని గట్టిగా కేకేసే మనిషి, "ఏవండీ" అని మెల్లగా అంటోంది.

నాన్న తద్దినానికి రేపల్లె వెళ్ళాం. రైలు వేమూరు దాటి, మిట్టమధ్యాహ్నం రేపల్లె చేరింది. స్టేషన్లో మనుషులు పల్చగా ఉన్నారు. బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన మావాణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకప్పుడు మా పొలంలో పనిచేసినాయన. చూపు సరిగా ఆనదు. మావాడు దగ్గరికొచ్చేదాకా అలాగే వంగి నిలబడి, తర్వాత నావైపు తిరిగి, "అమ్మాయ్, ఈయన..." అని ఆగిపోయాడు. మా అబ్బాయండీ, అన్నాను. ఆయన మళ్ళీ కూర్చోలేదు. మేం గేటు దాటేదాకా కండువా చంకలోనే ఉంది. నేను వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పక్కన అమ్మ మాత్రం నవ్వుతోంది.

ఇంటికొచ్చాక వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి కాలి మీద బొటనవేలితో నొక్కాను. గుంట పడలేదు. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ కంగారులోనే వాడి బ్యాగు తిరగేస్తే డబ్బా బయటపడింది. వాసన లేని తెల్ల పొడి.

"ఏంట్రా ఇది?"

"క్రియాటిన్ అమ్మా, కండలకి. స్టెరాయిడ్ కాదు, ఏం కాదు. మాంసంలో, చేపల్లో ఉండేదే. అందరూ వేసుకుంటున్నారు."

"అయితే చేపలే తిను. కావాలంటే రోజూ పులుసు పెడతా."

"చేపల్లో ఉండేది సరిపోదమ్మా!"

"ఎవరికి సరిపోదు? మీ తాత ఏ పొడి తిని బస్తాలెత్తాడు?"

ఆ మాట అని నేనే నాలిక కరుచుకున్నాను. ఆ తాత ఎలా పోయాడో ఇద్దరికీ తెలుసు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వాణ్ణి తిట్టలేదు, అది నాకు కాస్త కష్టంగానే అనిపించింది. "ఇది విషం కాదండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మీద చాలా పరిశీలించారు. ఎదిగే పిల్లల మీద అంతగా పరిశీలించలేదు, తెలియనిది చాలా ఉంది. ఈ వయసులో తిండి, నిద్ర, పద్ధతిగా చేసే కసరత్తు చాలు. పైగా మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి అసలు వద్దంటాను" అంది. పొడి వేసుకుంటే కండల్లో నీరు చేరి ఒళ్ళు వచ్చినట్టు కనిపిస్తుందట. రక్తపరీక్షలో కిడ్నీకి సంబంధించిన అంకె ఎక్కువొచ్చింది. పొడి వల్ల కూడా అలా రావచ్చట. పూర్తిగా మానేసి కొన్ని వారాలాగి మళ్ళీ పరీక్ష చేయిద్దాం, అప్పటికీ దిగకపోతే కిడ్నీల సంగతి చూడాలి, అంది.

డబ్బా పారెయ్యమని అమ్మ చేతికిచ్చాను. వాడు నా నెత్తిమీద చెయ్యి పెట్టి మానేస్తానన్నాడు.

మొదట్లో బుగ్గలు కాస్త తగ్గాయి. నా ప్రాణం కుదుటపడింది. అంతలోనే మళ్ళీ నిండాయి. మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె దిగలేదు. డాక్టరమ్మ ఇంకా ఏవేవో పరీక్షలు రాసింది. ఆవిడ మొహంలో ఇదివరకటి తేలిక లేదు. వాడు ఏడ్చాడు. "నిజంగా వేసుకోవట్లేదమ్మా, ఒట్టు" అన్నాడు. అబద్ధమాడితే వాడికి చెవులు ఎర్రబడతాయి. అవి ఎర్రబడలేదు. అబద్ధమైతే బాగుండునని మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయివుంటాను. వాడు గోడపక్కగా నడిచినప్పుడల్లా ఫొటోలోని మొహమూ వాడి మొహమూ ఒకే వరసలోకి వచ్చేవి. నేను కళ్ళు తిప్పేసుకునేదాన్ని. వాడు నిద్రపోతుంటే వెళ్ళి కాలు నొక్కి చూసేదాన్ని. ఏరోజు గుంట పడుతుందోనని భయం.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, మా చీరల కొట్టు మూసేసి ఇంటికొచ్చాను. వాకిలి దగ్గరగా వేసి ఉంది. లోపల అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. ఈ వేళప్పుడు ఎవరొచ్చారా అనుకున్నాను.

"కాస్త తాగండి. మొహం వాడిపోతోంది. ఎండన పడి వస్తారు, ఏమీ తినరు."

వంటింట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. వాడింకా కాలేజీ నుంచి రాలేదు. నావైపు వీపు పెట్టి మజ్జిగ గ్లాసులో చెంచా తిప్పుతోంది. పక్కన బియ్యప్పిండి, మినప్పిండి సీసాల వరసలో ఇంకో తెల్ల పిండి సీసా మూత తీసి ఉంది. వాడు రోజూ మజ్జిగ తాగి పెట్టిన గ్లాసు అడుగున సన్న ఇసకలా ఏదో మిగలడం, ఉప్పు కరగలేదేమోలే అని నేను కడిగెయ్యడం అప్పుడు గుర్తొచ్చింది. మా ఇళ్ళల్లో నోట్లో పెట్టుకునే వస్తువేదీ పారెయ్యరు. డబ్బా పారేసింది, పొడి సీసాలో పోసుకుంది.

"ఏంటమ్మా అది?"

ఆమె ఉలిక్కిపడను కూడా లేదు. "అది ఆపితే మొహం లాగేసింది, చూళ్ళా? మళ్ళీ పోతారేమోనని భయమేసింది" అంది.

"పోయేది నా కొడుకమ్మా!" అని అరిచాను. గ్లాసు లాగి తూములో పారబోశాను. "నీకు కనిపించింది నాన్న మొహం కాదు. అది జబ్బు మొహం!"

"నాకు తెలీదనుకున్నావా?" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు ఒక్కసారి నొక్కి చూశావ్. ఆ కాళ్ళు నేను రోజూ పిసికా. బలంగా ఉన్నన్నాళ్ళూ ఆయన నావంక చూసిందెప్పుడే? ఎద్దుల్తో మాట్లాడినంత కూడా నాతో మాట్లాళ్ళా. ఆ ఏడాదే, ఆ మొహంతోనే, అన్నం తిన్నావా అని అడిగారు."

నాకు కోపం పోలేదు. దానిమీద ఏడుపు కూడా వచ్చింది. సీసాలో పొడంతా ఆమె కళ్ళముందే తూములో పోసి నీళ్ళు కొట్టాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది, శవాన్ని ఎత్తేటప్పుడు నిలబడ్డట్టు.

ఆ తర్వాత వాడి మజ్జిగ నేనే కలిపాను. పరీక్షలు మళ్ళీ చేయిస్తే అంకె దిగింది, కిడ్నీలు బాగున్నాయండి అంది డాక్టరమ్మ. ఆస్పత్రి మెట్లమీదే కూర్చుండిపోయాను. ఇంట్లో వాడి మొహం రోజుకింత కరుగుతూ వచ్చింది. గడ్డం ఎముక తేలింది, ఉబ్బులో దాగిన కళ్ళు బయటపడ్డాయి. అవి వాళ్ళ నాన్న కళ్ళు. అమ్మ రోజూ వాడు గడప దాటి లోపలికి రాగానే మొహంలోకి చూసేది, తల దించుకునేది. ఏ పిలుపూ లేకుండా కంచం ముందు పెట్టేది.

బాపట్ల పోటీలకి తనూ వస్తానంది. మావాడు అనుకున్నంత బరువు ఎత్తలేదు, ఎత్తినదానికే వాడి స్నేహితులు ఈలలు వేశారు. ఆ గోలలో నా పక్కనుంచి ఎవరో నాన్న పేరు పిలిచారు. పక్కకి చూశాను. అమ్మ! ఆ పేరు ఆ గొంతులో నేను పుట్టాక వినలేదు. వాడికీ అలవాటు లేదు, తిరగలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. ఈసారి తిరిగి చూశాడు.

ఇంటికొచ్చే బస్సులో, కర్లపాలెం దాటాక, ముందు సీట్లోంచి వెనక్కి వాలి ఆటపట్టించాడు. "ఏంటి అమ్మమ్మా, ఇంక ఏవండోయ్ అనవా?"

"ఆయన పోయారు నాన్నా," అంది అమ్మ.

టిక్కెట్లు, టిక్కెట్లు అంటూ కండక్టరు వచ్చాడు. నేను ముగ్గురికీ తెనాలికి తీసుకున్నాను.