ఓబుళమ్మ ఊపిరి

ఆదివారం ప్రభు భోజనంలో రొట్టె విరిచి పక్కవారికి అందించే ప్రతిసారీ నా చెయ్యి బరువెక్కుతుంది. చాలా ఏళ్లుగా ఇంతే. ఆ చేత్తోనే బైబిలు తెరుస్తున్నాను, ఆ చేత్తోనే పిల్లల తలలు నిమురుతున్నాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

నేను ఒక స్త్రీకి మంత్రగత్తె అన్న పేరు తెచ్చాను. ఆమె అలాంటిది కాదని తెలిసే తెచ్చాను.

మాది పెనుకొండలో ఒక చిన్న సంఘం. పాస్టరుగారు హిందూపురం నుంచి వస్తారు. ఆయన రాలేని ఆదివారాల్లో వాక్యం చెప్పేది నేను. బడిలో ఉద్యోగం చేసుకుంటూనే హిందూపురానికి బైబిలు తరగతులకు పోయాను. అక్కడ తొలి శతాబ్దాల దుర్బోధల గురించి చెప్తుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. ఈ లోకాన్ని చేసినవాడు వేరు, అసలు దేవుడు వేరు అన్నవాళ్లు. కొందరికే తెలిసిన రహస్య జ్ఞానంతోనే రక్షణ అన్నవాళ్లు. వాళ్లందరికీ మూలమని పాత సంఘ పెద్దలు వేలు చూపించిన సమరయ గారడీవాడు సీమోను. శత్రువును గుర్తుపట్టడం కాపరి పని అనుకునేవాణ్ణి. గుర్తుపట్టడం నేర్చుకున్నవాడికి శత్రువు లేకపోతే తోచదని అప్పుడు తెలియలేదు.

ఓబుళమ్మ ఎర్రమంచి పక్క పల్లె నుంచి వచ్చేది. గొర్రెలు కాసే ఇంటి మనిషి, చదువు లేదు. పెద్ద వయసులో బాప్తిస్మం తీసుకుంది. జబ్బుతో ఉన్నవాళ్ల తల మీద చెయ్యి పెట్టి ఒక మాట ప్రార్థించి, చివర నుదుటి మీద మెల్లగా ఊదేది. జ్వరాలు తగ్గేవి. అన్నీ కాదు, కొన్ని. పసిపిల్లల తల్లులు వచ్చేవాళ్లు, ఫ్యాక్టరీలో పని కోసం ఇంటర్వ్యూకు పోయే కుర్రాళ్లు వచ్చేవాళ్లు. మా అమ్మ తలనొప్పి, నేను నెలల తరబడి ఉపవాసముండి ప్రార్థించినా తగ్గనిది, ఓబుళమ్మ ఊదిన పూట తగ్గింది. అమ్మ ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. నేను దేవుణ్ణి స్తుతించాలి కదా? స్తుతించాను, పైకి. లోపల మాత్రం ఇన్నేళ్లు చదివిన నాకు ఇవ్వనిది దీనికెందుకిచ్చావు అని అడిగాను. 'దీనికి' అనే అన్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె గొర్రెల దొడ్డికి పోయాను. లోపల ఏమంటావో ఆ మాటలు నాకు చెప్పు, నిన్ను స్త్రీల కూటానికి పెద్దగా పెట్టిస్తాను అన్నాను. ఓబుళమ్మ పడీపడీ నవ్వింది. "ఏం సారూ, పుస్తకమంతా నోటికొచ్చే నీకు గొర్రెలకాపరి చెప్పల్లనా? నాకొచ్చేది ఒకటే. అయ్యా, దీన్ని గూడా చూస్కో అంటా. తప్పిపోయిన గొర్రె దొరికితే మా నాయన అట్లే అనేటోడు."

ఆ నవ్వును నేను క్షమించలేదు.

ఆ తర్వాతి ఆదివారం పాస్టరుగారు రాలేదు. నేను సీమోను మీద వాక్యం చెప్పాను. సమరయ జనాన్ని ఎలా భ్రమపెట్టాడో చెప్పాను. రోములో ఆకాశానికి ఎగిరి, అపొస్తలుడైన పేతురు ప్రార్థనకు కిందపడి కాళ్లు విరగ్గొట్టుకున్నాడన్న పాత కథ కూడా చెప్పాను. ఇప్పుడు కూడా మన మధ్య మంత్రించి ఊదేవాళ్లు ఉన్నారు అన్నాను. పేరు చెప్పలేదు. తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. ఓబుళమ్మ ముందు వరుస చాప మీద కూర్చుని, అందరికన్నా గట్టిగా ఆమేన్ అంది. నేను చెబుతున్నది తన గురించేనని ఆమెకు అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది.

చేతులుంచి పరిశుద్ధాత్మను ఇచ్చే వరాన్ని డబ్బిచ్చి కొనాలని సీమోను అపొస్తలులతో బేరమాడిన సంగతి మాత్రం ఆ రోజు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీకు వేరే చెప్పాలా? దొడ్డిలో బేరమాడింది నేను.

పెద్దలు ఆమెను రొట్టెకు, గిన్నెకు దూరం పెట్టారు. ఆ సాయంత్రం నేను మందిరంలో చాపలు చుడుతుంటే వచ్చింది. లోపలికి రాలేదు, గడప బయటే నిలబడింది.

"సారూ, నువ్వు చదువుకున్నోడివి. నాలో ఉండేది అదేనా?"

"ఏది?"

"నువ్వు చెప్పింది. ఆ సీమోనుది."

నేను చాప చుడుతూనే ఉన్నాను.

"మా అవ్వ ఊదేది సారూ, దిష్టి తగిలినోళ్లకి. నాకు అదే అలవాటయింది. నీళ్లల్లో మునిగినా అది పోలేదేమో. నాకేం తెలుస్తాది? నువ్వు చెప్పు, కాదంటే కాదు."

ప్రభువు తన శిష్యుల మీద ఊదిన సంగతి వాక్యంలో ఉంది. ఏ పేజీలో ఏ పక్కన ఉందో నాకు తెలుసు. ఆ క్షణంలో నా నాలుక మీద ఉంది. ఒక్క వాక్యం చాలు, ఆమె లోపలికి వచ్చి కూర్చునేది.

"ఉపవాసముండి ప్రార్థించుకో అక్కా" అన్నాను.

"యాడ చేసేది ఇంక? నోరు తెరిస్తే అదే వస్తాదేమో. నా కోసరం నువ్వే చెయ్యి సారూ."

"చేస్తాలే."

చెయ్యలేదు. ఆ రాత్రీ చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. మోకరిస్తే ఆమె పేరు వచ్చేది, పక్కకు తోసేవాణ్ణి. భయమా? గర్వమా? ఆమె కోసం ప్రార్థిస్తే దేవుడు నా మాట వింటాడేమో, ఆమెను తిరిగి నిలబెడతాడేమో అన్న అసూయా? మూడోదే అనుకుంటాను.

గొర్రెలు అమ్మేసి ధర్మవరంలో మగ్గం నేసే అల్లుడింటికి పోయింది. చాలాకాలం తర్వాత ఆమె కూతురు ధర్మవరం స్టేషన్లో నన్ను గుర్తుపట్టి పలకరించింది. అమ్మ పోయింది సార్ అంది. "కడాకు ప్రార్థనే మానేసింది. మనవడు ఒళ్లోకి వస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఎందుకే అంటే, నా గాలి వానికి తగలకూడదే అనేది. ఏం రోగమో అనుకున్యాం. డాక్టర్లు ఏమీ లేదన్యారు సార్."

నాకు తెలుసు అనలేదు. రైలు వచ్చింది, ఎక్కాను.

ఆమె నన్ను నమ్మింది. మీరు దీన్ని గమనించాలి. నా అబద్ధాన్ని సంఘమంతా మరిచిపోయింది. నిజమని చివరిదాకా పట్టుకున్నది ఆమె ఒక్కతే. తనలో పిశాచముందని నమ్ముతూ, దేవుని పేరు ఎత్తడానికి భయపడుతూ చనిపోయింది. ఇప్పుడు ఆమె కోసం ప్రార్థించాలంటే, చనిపోయినవారి కోసం ప్రార్థన చెయ్యకూడదని ఏటా పిల్లలకు బోధించేది నేనే.

సీమోను కూడా చివరికి నా కోసం ప్రార్థించండి అని పేతురును అడిగాడు. పేతురు ప్రార్థించాడో లేదో వాక్యంలో లేదు. పాత సంఘ పెద్దలు రాసిన పుస్తకాల్లో సీమోను ఎగురుతాడు, పడతాడు, శపించబడతాడు. అవన్నీ అతని శత్రువులు రాసినవే. అతను ఒక్క మాటైనా రాసి ఉన్నా అది మనదాకా రాలేదు.

ఓబుళమ్మకు రాయడం రాదు. ఆమె గురించి రాయడానికి మిగిలింది నేను, ఆమె శత్రువును. కాబట్టి సరిగ్గా రాయాలి. ఆమెలో ఏ దయ్యమూ లేదు. ఆమె ఊదింది ప్రార్థన. అసూయ నాది, బేరం నాది, దాచిన వాక్యం నాది. ఆమె అడిగినప్పుడు "కాదక్కా" అనగలిగి ఉండీ నేను అనలేదు.

ఇది చదివి నన్ను ఓదార్చవద్దు. నాకు క్షమాపణ వచ్చిందని నేను అనుకోవడం లేదు. ఆ మాట మాత్రం ఇన్నేళ్లకు బయటికి వచ్చింది. కాదక్కా. కాదు.