ప్రభువునందు నిద్రించిన పాటగాడు

“సచ్చినాడు అని చెప్పు. దాంట్లో తప్పేముండాది?” అన్నాను.

“రేడియోలో అట్ల అనకూడదు జేజీ,” అంది నా మనవరాలు.

“సచ్చినోన్ని సచ్చినాడు అనక బతికినాడు అంటారా?”

“అది తిట్టినట్టుంటాది. జనం ఇంటాంటారు.”

“ఇననీ. తాగి తాగి పడిపోయినోన్ని పొగడల్లనా? పొద్దున నువ్వు పొగిడిన దానికే గదా ఈ రచ్చంతా.”

“నేను పొగడలేదు. నోట్లో అదే వచ్చె.”

“రేపు కూడా అదే వస్తే మీ నాయన కాడికి పోయి పులివెందల్లో పిల్లకాయలకు ఎక్కాలు చెప్పుకోవల్ల. తెలుసా నీకు?”

“తెలుసు,” అని కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

అది జమ్మలమడుగులో మా ఇంటి వసారా. సాయంత్రం పూట, ఇంకా లైటు వేయలేదు. మనిషికి మనిషి కనిపిస్తున్నంతసేపు లైటు వేయడం నాకు ఇష్టముండదు. పోట్లాడుకోవడానికి అంత వెలుతురు అక్కర్లేదు కూడా.

రచ్చ ఏమిటో చెబుతాను. నా పెద్ద కొడుకు పులివెందులలో బడిపంతులు. వాడి కూతురు ఇది. ఇక్కడి కాలేజీలో చదువుకోవడానికని నా దగ్గరికి వచ్చి, చదువైపోయాక కూడా కదల్లేదు. రేడియోలో మాట్లాడాలని దానికి కోరిక పుట్టింది. మా కాలంలో ఎక్కువ మాట్లాడే ఆడదాన్ని నోరు మూసుకోమనేవాళ్లు. ఇప్పుడు ఆ నోటికే జీతమిస్తారట. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మేడ మీద చిన్న రేడియో నడుస్తోంది. దాని పేరు మనకెందుకు. రాజుపాలెం దాకా బాగానే వినిపిస్తుంది, మా ఊరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోతుంది. దాన్ని నడిపే ఆయన, కొన్నాళ్లు పొద్దున పూట చదివించి చూస్తాను, బాగుంటే ఉద్యోగం ఇస్తాను అన్నాడు. దీని నాయన అంతకు ముందే పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో దీనికి చోటు మాట్లాడి పెట్టాడు. రేడియోవాళ్లు తీసుకుంటే సరే, లేకుంటే వారం తిరిగేలోగా పెట్టె సర్దుకుని రావాలన్నాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు. వాడి ఇంట్లో తుమ్మాలన్నా సెలవు చీటీ రాసివ్వాలి. పిల్ల భయం బడిని చూసి కాదు, ఆ ఇంటిని చూసి.

రెండింటిలో ఏది మేలని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే బడి అనేదాన్ని. బడిలో ఎక్కాలైనా చెబుతారు. రేడియోలో దీనితో చదివించేది ఏమిటో తెలిస్తే మీరూ అదే అంటారు.

ఈ దినం ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ దేశంలో ఏ వింత జరిగింది. ఇదీ ఆ కార్యక్రమం. పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ మనవాళ్లయితే ఒక రకం. అందరూ సముద్రాల అవతలివాళ్లు, అందులోనూ రాక్ పాటలు పాడేవాళ్లు. నడిపే ఆయనకు ఆ పాటలంటే ప్రాణం. కోస్తా మనిషి, తల నెరిసింది, అయినా పుర్రె బొమ్మ ఉన్న నల్ల బనియను వేసుకుని తిరుగుతాడు. రాక్ అంటే ఏందే అని అడిగితే, బండ అని చెప్పింది మనవరాలు. బండల సంగతి మాకు ఒకరు చెప్పాలా? మా ఆయన బతుకంతా నాపరాళ్ల గనిలో బండలు కోశాడు. ఆయనకు అన్నం క్యారియరు మోసుకుపోయి పోయి, అక్కడి కోత చప్పుడుకు నాకొక చెవి మందగించింది. ఆ చప్పుడును పాట అంటారనీ, టికెట్టు కొనుక్కుని వింటారనీ తెలిసి ఉంటే గని చుట్టూ కంచె వేసేవాళ్లం.

ఆ కాగితాలు నేనూ చదివాను. మూడో తరగతి చదువైనా అక్షరాలు నాకు వచ్చు. ఒకడు వేదిక మీద తన వాయిద్యాన్ని నేలకేసి పగలగొట్టాడు. ఆ పగలగొట్టిన దినాన్ని ఏటేటా తలుచుకుంటారట. మా పేటలో పలక వాయించేవాడెవడైనా దాన్ని పగలగొడితే పెళ్లివాళ్లు వాణ్ణి తిట్టి తరిమేస్తారు. ఇంకొకడు హోటలు కిటికీలోంచి టీవీని వీధిలోకి విసిరాడు. కింద ఎవరి తలకైనా తగిలిందా అనేది కాగితంలో లేదు. ఒక రాజు గద్దె దిగిన దినం. ఒక ఓడ మునిగిన దినం. ఒక ఊరివాళ్లు మేకను ఊరిపెద్దగా ఎన్నుకున్న దినం. ఈ చివరిదాన్ని మాత్రం నేను వెంటనే నమ్మాను. మన దగ్గరా అలాంటివి జరుగుతాయి, ఉత్సవం చేసుకోవడానికి సిగ్గుపడతాం అంతే.

వినేవాళ్లెవరయ్యా అంటే రాజుపాలెంలో బుడ్డశెనగ వేసినవాడు, మైదుకూరులో పసుపు ఆరబెట్టుకున్నవాడు. వాళ్లకు కావలసింది ధర ఎంత పలుకుతోంది, కాలువకు నీళ్లు వస్తాయా రావా. పొడుగు జుట్టువాడొకడు పుట్టి నేటికి ఇన్నేళ్లని చెబితే, వాళ్లేమైనా ట్రాక్టరు ఆపి కేకు కోస్తారా? నేను పుట్టిన దినమే నాకు తెలియదు. మిషన్ బడిలో అయ్యవారు మా తరగతిలో అందరికీ ఒకే తేదీ వేశాడు. ఆయన లెక్కన మేమంతా ఒకే కాన్పు. వింతలు కావాలంటే అంతకంటే వింత ఉందా?

అన్నిటికంటే తమాషా ఆ నడిపే ఆయన పెట్టిన నియమం. పొద్దున్నే వినేవాళ్ల చెవిన చావు మాట పడకూడదట. ‘చనిపోయారు’ అనకూడదు, ‘మరణించారు’ అంటే వార్తల మాదిరి ఉంటుంది కాబట్టి అదీ వద్దు. పోయినవాళ్ల వరస చదవాలి, ఉత్సాహంగా చదవాలి, చావు మాట మాత్రం రాకూడదు. ఉల్లిపాయ లేకుండా ఉల్లికారం నూరమన్నట్టుంది.

ఆ పొద్దున ఒక పాటగాడి వంతు వచ్చింది. తాగుడుకీ మత్తుమందులకీ అలవాటుపడి చిన్న వయసులోనే హోటలు గదిలో పడిపోయినవాడు. కాగితంలో ఉన్న ఇంగ్లీషును పిల్ల అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ చదువుతోంది. పోయాడనే చోటికి వచ్చింది. ‘చని’ అనబోయి ఆగింది. మర్యాదైన మాట కోసం వెతుక్కుంది. దానికి తెలిసిన మర్యాదైన మాట ఒక్కటే. మేము మిషన్ కాలంనాటి కుటుంబం. మాలో ఎవరైనా పోతే చనిపోయారని చర్చిలో అనరు, ప్రభువునందు నిద్రించారు అంటారు. సమాధి రాళ్ల మీద అదే చెక్కిస్తారు. చిన్నప్పుడు సమాధుల తోటకు నా వెంట వచ్చి, ఆ రాళ్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చిన పిల్ల ఇది. ఇంకేమంటుంది?

“ఈ దినమే ఆ మహా గాయకుడు ప్రభువునందు నిద్రించారు,” అని రాజుపాలెం దాకా వినిపించేటట్టు చదివేసింది.

నేను చాటలో బియ్యం పోసుకుని రేడియో దగ్గరే ఉన్నాను. రాళ్లతో పాటు బియ్యం కూడా ఏరి పారేశాను కాసేపు.

పిల్ల ఇంకా ప్రొద్దుటూరు బస్టాండులో ఉండగానే ఇంటికి ఫోను వచ్చింది. నడిపే ఆయన.

“మామ్మగారూ, నమస్కారమండి,” అన్నాడు.

“నేను మామ్మను కాదప్పా, జేజిని. సంగతి చెప్పు.”

“అమ్మాయి ఫోను ఎత్తడం లేదండి. చదవడం బాగానే చదివింది. కానీ ఆ ప్రభువు ఎవరు, ఆయన ఇంట్లో ఈయన ఎందుకు పడుకున్నాడు అని జనం అడుగుతున్నారండి.”

కోపంగా అన్నాడో నవ్వుతూ అన్నాడో నాకు తెలియలేదు. కోస్తావాళ్ల మాటలో రెండూ ఒకే రకంగా ఉంటాయి. రాజుపాలెం నుంచి ఒకడు ఫోను చేసి, నిద్రపోయినాయన లేచినాడా అని అడిగాడట. ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే సాయిబు ఒకాయన, గల్ఫులో శానా ఏళ్లు ఉండి వచ్చినవాడు, ఎంతో మర్యాదగా, ఇది చర్చివాళ్ల రేడియోనా, అయితే మా పండగలు కూడా చెబుతారా అని అడిగాడట. ఆయన తప్పేముంది. నడిపే ఆయన మాత్రం, రేపు ఒక్కరోజు చూస్తాను, రేపు కూడా ఇలాంటిది దొర్లితే ఇక రావద్దని చెప్పండి అని పెట్టేశాడు.

మధ్యాహ్నానికి మా పాస్టరమ్మ గొడుగేసుకుని వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ గాయకుడు ఏ సంఘంవాడు, ఎప్పుడు మారుమనస్సు పొందాడు, ఆదివారం సాక్ష్యంలో చెప్పుకోవచ్చా అని అడిగింది. వాడు సంఘంవాడు కాదమ్మా, సారాయివాడు అన్నాను. నమ్మలేదు. రేడియోలో అబద్ధం చెబుతారా అంది. వాడి కోసం ప్రార్థన చేస్తే చెయ్యి, అవసరమున్నవాడే, సాక్ష్యం మాత్రం వద్దన్నాను. టీ ఇచ్చాను. పొద్దుటి టీపొడినే ఇంకోసారి మరగబెట్టిన టీ. అది తాగి తొందరగానే వెళ్లింది.

ఆ సాయంత్రపు పోట్లాట ఇందుకు. పిల్ల గోడవైపు కొంతసేపు కూర్చుని, మళ్లీ ఇటు తిరిగింది. మర్నాడు చదవాల్సిన కాగితంలోనూ ఒకడు పోయినవాడున్నాడు, ఇంకో దేశంలో డ్రమ్ములు కొట్టేవాడు. వాళ్లు పుట్టడం కంటే పోవడమే ఎక్కువ. దానికి మాట కావాలి. ఒక్కొక్కటే అనడం మొదలుపెట్టింది.

స్వర్గస్థులయ్యారు అంది. వాడు అక్కడికే పోయాడని నువ్వు టికెట్టు చూసినావా అన్నాను. పరమపదించారు అంది. ఆ మాట నామాలు పెట్టుకునేవాళ్లది. శివైక్యం అంది. అది విభూతి పెట్టుకునేవాళ్లది. కన్నుమూశారు అంది. మళ్లీ ఎప్పుడు తెరిచినాడని రాజుపాలెం వాడు ఫోను చేస్తాడు. అమరులయ్యారు అంటే నాకు నవ్వొచ్చింది. ఆ మాట కూడలిలో కట్టే ఫ్లెక్సీలది. కింద కొడుకుల ఫోటోలు, అల్లుళ్ల ఫోటోలు, పోయినవాడి ఫోటో వాళ్లకంటే చిన్నది. చావు అందరికీ ఒక్కటే అని చర్చిలో చెబుతారు గానీ, ఒక్కో చావు మాటకు ఒక్కో యజమాని ఉన్నాడు. ముట్టుకుంటే అరుస్తాడు.

“ఇంగేమనల్ల మరి?” అంది. పులివెందుల బస్సు దాని కళ్ల ముందు ఆగి ఉన్నట్టుంది.

“నేను చెప్పిందే. సచ్చినాడు.”

“జేజినాయన సంగతి ఎవరన్నా అడిగితే కూడా అట్లే అంటావా?”

నేను బియ్యం చాట అందుకున్నాను. అది ఊరుకోలేదు.

“చెప్పు జేజీ. మీ ఆయన ఉండాడా అని బస్సులో ఎవరన్నా అడిగితే ఏమంటావు?”

“పోయినాడు అంటా.”

“ప్రభువునందు నిద్రించినాడు అనవా?”

“బస్సులో ఎవురంటారే అట్ల? అది రాతి మీద మాట. మనిషితో చెప్పేటప్పుడు పోయినాడు అంటాం. సాయిబులూ అట్లే అంటారు, గుడికి పొయ్యేటోళ్లూ అట్లే అంటారు.”

“ఆ మాటకు యజమాని లేడు గదా?”

“నాకేం ఎరుక. లేసి బియ్యం కడుగు పో.”

లేచింది గానీ ముందు పెన్సిలు తీసి కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ పెన్సిలును చెక్కి చెక్కి సగం చేసింది, దానికీ ఒక మాట అనాల్సి వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు పోయమని కూడా చెప్పాను.

మర్నాడు తెల్లవారుజామునే ప్రొద్దుటూరు బస్సెక్కింది. నేను రేడియో పెట్టాను. ముందు ఎవరో పుట్టారు. తర్వాత ఒక దేశంలో కప్పల వాన పడింది. ఆ తర్వాత డ్రమ్ములవాడు వచ్చాడు.

“ఈ దినమే ఆయన పోయినారు,” అంది.

పక్కనే కూర్చున్న నడిపే ఆయన మైకులోనే, “ఎక్కడికండి?” అన్నాడు. వేళాకోళానికి అన్నాడో పరీక్షకు అన్నాడో.

“యాడికి పోతారు సార్, అందరూ పొయ్యే కాడికే,” అని, ఆగకుండా తర్వాతది చదివింది.

కార్యక్రమం అయ్యాక ఆ మాట గురించి ఎవరూ ఫోను చేయలేదట. రాజుపాలెం నుంచి ఒకాయన చేసి, ఆ పాప ఎవరోగానీ మనూరి పిల్ల మాదిరి ఉంది, కాలువ నీళ్ల సంగతి కూడా ఆమెతోనే చెప్పించండి అన్నాడట. నడిపే ఆయన పిల్లను కూర్చోబెట్టి, సోమవారం నుంచి రోజూ రమ్మన్నాడు. పాటగాళ్ల తర్వాత కాలువ సంగతి, పసుపు ధర కూడా చదవాలన్నాడు. అది ప్రొద్దుటూరు బస్టాండు నుంచే పులివెందులకు ఫోను చేసి, నేను రావడం లేదు నాయనా అని చెప్పింది. వాడు సరేనని, బడివాళ్లకు ఆ మాట చెప్పడానికి పోయాడు.