నాడి చూడటం నేర్పినందుకు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో గుండె జబ్బుల ఓపీలో పనిచేసిన రోజుల్లో అందరూ నన్ను మలయాళీ అనుకునేవారు. నర్సంటే కేరళ నుంచే ఊడిపడాలని అక్కడొక నమ్మకం. తెనాలి, తెనాలి అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకున్నాను. ఒకరోజు బీపీ మిషన్ మొరాయిస్తే "నీ దుంప తెగ" అని దాన్నే తిట్టాను. ఒక ముసలావిడ చక్రాల కుర్చీ వెనక నిలబడ్డ పనిమనిషి కిసుక్కున నవ్వి, "యాడక్కా మీది?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆమెది కడప జిల్లా. ముసలావిడ కొడుకే ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి రప్పించుకున్న యజమాని. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండేది. అతను సంతకం పెడితే తప్ప ఆమె విమానం ఎక్కే దారి లేదు. వంటకీ ఇంటిపనికీ అని తెచ్చుకున్న మనిషికి తల్లి మందులు కూడా అప్పజెప్పేశారు.

ముసలావిడ గుండె బలహీనం, పైగా కొట్టుకోవడంలో లయ లేదు. ఒంట్లో చేరే నీరు పోవడానికి ఒక మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా ఒకటి, గుండె వేగం తగ్గడానికి ఇంకొకటి. ఈ చివరిది మహా పెంకి మందు. నాడి నిమిషానికి అరవై దాటకపోతే ఆ పూట ఇవ్వకూడదు, ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఇంట్లో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. అందుకే ముసలావిడ మాటిమాటికీ ఆయాసంతో వచ్చి వార్డులో చేరేది.

నేనే పూనుకుని నేర్పాను. ముందు నా మణికట్టు మీదే వేళ్ళు పెట్టించి, గోడ గడియారం ముల్లు చుట్టూ తిరిగేదాకా లెక్కపెట్టించాను. పొద్దున్నే బరువు చూడమన్నాను. పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతోందేమో, చిగుళ్ళలోంచి నెత్తురు వస్తోందేమో చూడమన్నాను. ఆమె పట్టుదల మామూలుది కాదు. కొన్ని నెలల్లోనే ముసలావిడ వార్డు ముఖం చూడటం మానేసింది. డాక్టరు మెచ్చుకుంటుంటే నేను ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. వేరే రోగుల ఇళ్ళవాళ్ళకి కూడా ఆమెను చూపించి, నా శిష్యురాలని గొప్పలు చెప్పుకున్నాను.

ఒకసారి ఆమె కళ్ళు ఎర్రగా వాచిపోయి వచ్చింది.

"నా కూతురు పెద్దమనిషైందంటక్కా. సెలవల్లో ఫంక్షన్ చేస్తారంట. తల్లి లేకుండా ఎట్ల చేస్తారు? నా రెండేండ్ల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది. ఒక్క నెల పంపియ్యమని చెప్పక్కా, నీ మాటైతే ఇంటారు."

చెప్తానని మాటిచ్చాను.

నేను నోరు తెరిచేలోపే కొడుకు లోపలికొచ్చి, మర్యాదగానే అరబ్బీలో అడిగాడు. "సిస్టర్, ఈమె ఊరెళ్తానంటోంది. ఒక నెల నా భార్య గానీ ఇంకో పనిమనిషి గానీ ఈ మందులు చూసుకోగలరా?"

కాస్త నేర్పిస్తే చూసుకోగలరు. అదే నేను చెప్పాల్సిన మాట. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు. "కష్టమండీ. ఈమెలా చూసే మనిషి మీకు దొరకదు."

"అయితే పంపను," అన్నాడు అతను, అంతే తేలిగ్గా.

ఆమెకి అరబ్బీ నాకన్నా బాగా వచ్చు. బీపీ చూడటానికి మడిచిన ముసలావిడ గౌను చేతిని తలవంచుకుని కిందికి లాగుతూ ఉండిపోయింది. ఎందుకలా అన్నానని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ముసలావిడకి ఏమన్నా అవుతుందన్న భయం సగం, నా శిష్యురాలన్న మిడిసిపాటు సగం. నర్సుగా నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ సంగతే నన్ను ఎక్కువగా తినేస్తుంది, ఎందుకంటే అబద్ధమైతే దిద్దుకోవడం తేలిక. మర్నాడు అతనికి ఫోన్ చేసి, అతని భార్యకి నేనే దగ్గరుండి నేర్పుతానని బతిమాలాను. "దొరకదని మీరే అన్నారుగా సిస్టర్," అని నవ్వేశాడు.

ఫంక్షన్ తల్లి లేకుండానే జరిగిపోయింది. ఆ తర్వాతిసారి వాళ్ళు వచ్చినప్పుడు ముసలావిడకి అన్నీ బాగున్నాయి. డాక్టరు మెచ్చుకుని వెళ్ళిపోయాడు. ఏం మాట్లాడాలో తెలియక, "బాగా జరిగిందా?" అని అడిగాను. అంతకన్నా బుద్ధితక్కువ ప్రశ్న ఇంకోటి ఉండదు.

"అయ్యిందిలేక్కా. ఫోన్లో ఒకటే ఏడుపు బిడ్డ." మామూలు గొంతుతోనే అడిగింది. "అక్కా, నాడి తక్కువుందని తెలిసే ఆ మాత్ర ఇచ్చినామనుకో. ఎవరికన్నా తెలుస్తాదా?"

"ఏం మాటలే అవి!" అన్నాను.

"బయపడొద్దులే, నేనియ్యను. ఇయ్యనని నీకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే ఆయప్పతో అట్ల చెప్పినావు."

ముసలావిడకి తెలుగు రాదు కదా, మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నవ్వింది. ఆమె వంగి ముసలావిడ కాళ్ళకి చెప్పులు తొడిగింది. నేను వచ్చే నెల మాత్రల సంచీ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాను.